ఎడమకు తిరగని బోర్డు

ఆ వేసవిలో మా అన్నయ్య స్కేట్‌బోర్డు ఎడమకు తిరగడం మానేసింది.

కుడికి బాగానే తిరిగేది. ఎడమకు మాత్రం మొండికేసేది. ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం పొద్దున తెరెసా అనే ఊరి వైపు రోడ్డు మీద దిగుతూ, పెద్ద మలుపులో తిరగలేక తిన్నగా గడ్డిలోకి దూసుకుపోయాడు. ప్యాంటు నిండా గడ్డిగింజలు అంటించుకుని మా కొట్టుకు వచ్చి, బోర్డును బల్ల మీద తలకిందులుగా పడేశాడు.

"దీని సంగతేంటో చూడవే వెల్. దీనికి పక్షవాతమొచ్చింది," అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వకేం చేస్తాం, అప్పటికి అది నవ్వే మాటే.

నా పేరు రోవెలిన్. ఇంట్లో వెల్ అంటారు. మా కొట్టు మనీలా దగ్గర అంటిపోలో అనే ఊరి కొండ మీద, తెరెసాకు రోడ్డు దిగే చోట ఉంటుంది. నాన్న జీప్నీలకు, అంటే మా దగ్గర జనాన్ని ఎక్కించుకు తిరిగే పొడుగాటి జీపులకు, బుష్షులు కోస్తాడు. రెండు ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా మధ్యలో కూర్చునే రబ్బరు కట్టే బుష్షు. బడి అయిపోయాక నేనూ ఆ రబ్బరు కోసే లేత్ మిషను దగ్గరే నిలబడిపోయాను. అమ్మకు నా ఒంటికి అంటుకున్న కాలిన రబ్బరు వాసన అసలు పడదు. "పూజలో నా పక్కన కూర్చోకే, ఫాదరుగారు తుమ్ముతారు," అని ప్రతి ఆదివారం అనేది.

అన్నయ్య పేరు రెనాంటే. వారమంతా నాన్న జీప్నీ నడిపేవాడు, ఆదివారం బోర్డెక్కి కొండ దిగేవాడు. వారంలో ఆరు రోజులు బతకడానికి దిగుతాను, ఏడో రోజు ఉత్తినే దిగుతాను అనేవాడు. జీప్నీలో టిక్కెట్టు డబ్బులు వసూలు చేసే ఓబెట్ వాడికి ఆదివారం జత. ఓబెట్ భారీ మనిషి. వాడు జీప్నీ వెనక మెట్టు మీద నిలబడితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయని మా వీధిలో ఒక పరాచికం.

బోర్డు చెక్క కింద ముందొకటి వెనకొకటి ఇరుసులను పట్టి ఉంచే ఇనుప కట్లుంటాయి. వాటిని ట్రక్కులంటారు. ఒక్కో ట్రక్కు నడిమి బోల్టుకు రెండు బుష్షులు తొడుగుతారు. ఎక్కినవాడు ఏ వైపు ఒరిగితే ఆ వైపు బుష్షు నలిగి, ఇరుసు అటు తిరుగుతుంది. బుష్షు గట్టిదయితే బోర్డు నిబ్బరంగా ఉంటుంది గాని మాట వినదు. మెత్తనిదయితే అడక్కుండానే తిరుగుతుంది గాని, వేగమందుకోగానే వణుకుతుంది. ఆ వణుకు ఒకసారి మొదలైతే మనిషిని కింద పడేసేదాకా ఊరుకోదు. మనిషికీ బరువుకీ దారికీ తగిన బుష్షు వెయ్యడంలోనే పనితనమంతా ఉంది.

నేను ముందు ట్రక్కు విప్పాను. ఇరుసు కట్టు కొస కూర్చునే గుంటలో రబ్బరు గిన్నె అరిగిపోయి ఉంది. దాన్ని తీసి అన్నయ్య అరచేతిలో పెట్టాను.

"ఇదిగో నీ పక్షవాతం. ఇది అరిగి ఇరుసు పక్కకి జారుతోంది. నడిమి బోల్టు కూడా వంగింది."

"అదేం కాదు," అన్నాడు ఓబెట్. "వీడు ఎడమ దవడతోనే నమిలి నమిలి ఎడమవైపే ఒళ్ళు పెంచాడు."

"నువ్వు రెండు దవడలా నములుతావుగా, అందుకే నీ బోర్డు ఎటూ తిరగదు," అన్నాడు అన్నయ్య.

కొత్త రబ్బరు గిన్నెలు వేశాను. కొత్త బోల్టు వేశాను. వాషర్లు మార్చాను. మా కొట్లో పసుపు రబ్బరు గట్టిది, ఎరుపు నడిమిది, నీలం మెత్తనిది. అన్నయ్య ఎప్పుడూ పసుపు మీదే దిగేవాడు. ఈసారి ఎరుపు కోసి తొడిగాను. బోల్టు నట్టు సగం చుట్టు తిప్పి, ఒకసారి ఎక్కించి, మళ్ళీ పావు చుట్టు వదులు చేశాను. ఆ పై ఆదివారం బోర్డు ఎడమకు తిరిగింది. అన్నయ్య కొట్టుకొచ్చి నా నెత్తి మీద ముద్దు పెట్టి, "చేతుల్లో మంత్రముందే నీకు," అన్నాడు. నేను కొంచెం ఎక్కువే పొంగిపోయాను.

మార్చి మధ్యకు వచ్చేసరికి మళ్ళీ మొండికేసింది.

ఆ రోజుల్లోనే అన్నయ్య ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చేలోగా చెప్పు దారిలోనే ఉండిపోయేది. ముందు కొత్త చెప్పులు కొన్నాడు. అవీ జారాయి. అమ్మ వాటిని చేతిలో పట్టుకుని వెనకాలే వచ్చి, "నీకు బోర్డూ ఎడమే చెడుతుంది, చెప్పూ ఎడమే చెడుతుందేంట్రా," అనేది.

అమ్మకు ఇల్లంటే ప్రాణం. ఎర్రగచ్చును కొబ్బరి డొప్ప పీచుతో, కాలితో తోమి తోమి మొహం కనబడేలా మెరిపించేది. ఆ గచ్చు మీద ఎవరి మురికి కాలు పడినా ఊరుకునేది కాదు. మా ఇంట్లో ఎవరు బయటి నుంచి వచ్చినా ముందు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవాలి. అన్నయ్య ఆదివారం ఎండలో కొండ దిగి చెమటతో వస్తే, వాకిట్లోంచే, "కాళ్ళు! కాళ్ళు!" అని కేకేసేది.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర అన్నయ్య కాలు బార చాపుకుని కూర్చున్నాడు. అమ్మ వేయించిన చేప వడ్డిస్తూ వంగి, అలాగే ఆగిపోయింది. అన్నయ్య ఎడమ పిక్కలో కండ అదురుతోంది. చర్మం కింద ఏదో పాకినట్టు అటూ ఇటూ కదులుతోంది. అన్నయ్య దాన్ని చూస్తూ వేలితో నొక్కి, "ఇదేదో ఈ మధ్య సొంతంగా నాట్యం నేర్చుకుంటోందమ్మా," అన్నాడు.

అమ్మ గరిటె కింద పెట్టింది.

"పాస్మా," అంది. "ఇది పాస్మానే."

మా దగ్గర పాస్మా నమ్మనివాళ్ళు లేరు. పని చేసి వేడెక్కిన ఒంటి మీద చన్నీళ్ళు పడితే నరం బిగుసుకుపోతుంది, వణుకొస్తుంది, పట్టు తప్పుతుంది. బట్టలు ఇస్త్రీ చేసిన చెయ్యి వెంటనే తడపకూడదు. నడిచొచ్చిన కాలు ఆరనివ్వాలి. నేనూ నమ్ముతాను. ఇప్పటికీ లేత్ దగ్గర్నుంచి కదలగానే చేతులు కడుక్కోను, నవ్వేవాళ్ళు నవ్వనీ.

"నేనేగా చేశాను," అంది అమ్మ. "కాలుతున్న కాళ్ళతో వచ్చినవాణ్ణి, ప్రతి ఆదివారం, కుళాయి కిందకి తోలాను. నా చేత్తో నేనే చేశాను."

"అబ్బా, ఊరుకో అమ్మా," అన్నాడు అన్నయ్య. "కాలు తిమ్మిరెక్కింది, అంతే."

అమ్మ ఊరుకోలేదు. మర్నాడే ఒళ్ళు పట్టే సెపా ముసలమ్మను పిలిపించింది. ముసలమ్మ అల్లం దంచి, కొబ్బరినూనెలో ఉప్పు వేసి కాచి, అన్నయ్య కాలిని ఒళ్ళో పెట్టుకుని మడమ నుంచి మోకాలి దాకా లాగింది. అన్నయ్య కళ్ళనీళ్ళతో నవ్వుతూ, "కాలు నాకు వదిలిపెట్టు అవ్వా, పట్టుకెళ్ళిపోకు," అన్నాడు. నరం ముడిపడిందనీ, రోజూ సాయంత్రం రాస్తే విడుతుందనీ చెప్పింది ముసలమ్మ. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నయ్యకు కాళ్ళు కడుక్కునే పని తప్పింది. మురికి కాళ్ళతోనే గచ్చు మీదికి వచ్చేవాడు. అమ్మ పొడిగుడ్డతో వెనకాలే తుడుచుకుంటూ వచ్చేది.

నేను బోర్డుకు నీలం బుష్షులు వేశాను. మా కొట్లో అంతకన్నా మెత్తని రబ్బరు లేదు.

అదే వారంలో జీప్నీ క్లచ్ బిగుసుకుపోయిందన్నాడు అన్నయ్య. చర్చి దగ్గర ఎత్తులో బండి ఆగిపోయి వెనక్కి జారింది. లోపల కూర్చున్న ఆడవాళ్ళు దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచారనీ, తను రాయి తెచ్చి చక్రం కింద పెట్టేసరికి తనకు కూడా ఒకరిద్దరు కొత్త దేవుళ్ళు తెలిశారనీ ఓబెట్ చెప్పాడు. నాన్న బండి కిందికి దూరి, క్లచ్ కేబుల్ మార్చాడు.

మట్టల ఆదివారం వెళ్ళిపోయి శ్రమల వారం వచ్చింది. వీధి చివర పందిరి వేసి, ఆడవాళ్ళు మైకు ముందు కూర్చుని ప్రభువు పడ్డ పాట్లన్నీ వంతులవారీగా పాడటం మొదలుపెట్టారు. ఆ పాట వింటూనే మంగళవారం మధ్యాహ్నం నేను అన్నయ్య బోర్డు బిగిస్తున్నాను. నీలం బుష్షుతో కూడా ఎడమకు తిరగలేదని ముందు ఆదివారం మళ్ళీ తెచ్చి పడేశాడు. నాకు పట్టుదల వచ్చింది. ఇరుసు వంపు కొలిచాను. చక్రాల బేరింగులు కడిగాను. తప్పేదీ దొరకలేదు. అన్నయ్య జీప్నీ నడపడానికి వెళ్ళాడు, అడగడానికి దగ్గర లేడు. సరే, నేనే ఎక్కి చూద్దామని కొట్టు పక్క సందులోకి పట్టుకెళ్ళాను.

నేను బక్కపీనుగుని. అన్నయ్య బరువులో సగం మించను. నా బరువుకు ఏ బుష్షూ సరిగా నలగదు. అందుకే ఎడమకు తిప్పడానికి మడమలు గట్టిగా అదిమి, కాలివేళ్ళు పైకెత్తాను.

బోర్డు ఎంత వేగంగా ఎడమకు తిరిగిందంటే, నేను ఎగిరి పక్కనున్న టైర్ల గుట్టలో పడ్డాను.

లేచి మళ్ళీ ఎక్కాను. ఈసారి ఊరికే కాలివేళ్ళు కొంచెం ఎత్తాను. బోర్డు తిరిగింది. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. బోర్డులో ఏ లోపమూ లేదు. రబ్బరు గిన్నె, బోల్టు మార్చిన నాటి నుంచీ లేదు. మడమ మీద బరువేసి కాలివేళ్ళు ఎత్తడం అనే ఆ చిన్న పని, నేను చేసిన ఆ పని, అన్నయ్య చెయ్యలేకపోతున్నాడు. చెప్పు జారేది కూడా అందుకే.

సందులోనే కూర్చుని ఏడ్చాను. తలెత్తితే నాన్న కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"క్లచ్ కూడా అంతేనమ్మా," అన్నాడు. "కేబుల్ మార్చకముందే తొక్కి చూశాను. తేలిగ్గానే ఉంది."

"మరెందుకు మార్చావు నాన్నా?"

"వాడడిగాడుగా."

పండగ వెళ్ళగానే మనీలాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్దామన్నాడు నాన్న. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దన్నాడు. "పాస్మా అనుకుంటోంది. నాలుగు రోజులు అనుకోనీ," అన్నాడు.

సాయంత్రం అన్నయ్య వచ్చి బోర్డు చేతిలోకి తీసుకున్నాడు. చెక్క మీద అంటించిన గరుకు కాగితం మీద నా చెప్పుల ముద్ర ఉంది. దాని మీద వేలు పెట్టి అడిగాడు.

"ఎక్కావా?"

"ఆఁ."

"ఎడమకి తిరిగిందా?"

లేదని చెబుదామనుకున్నాను. వాడి మొహం చూశాక అబద్ధం ఆడలేకపోయాను.

"తిరిగింది."

"బాగానా?"

"టైర్లలో పడ్డాను."

అన్నయ్య గట్టిగా నవ్వాడు. నవ్వు ఆగాక బల్ల మీద కూర్చుని, ఎడమ పాదాన్ని ఎత్తబోయి, అది సగంలో ఆగిపోతే దానివైపే చూస్తూ ఉండిపోయాడు. వాడికి ఎప్పటినుంచి తెలుసో నేనడగలేదు.

"ఎల్లుండి దాటితే గుడ్ ఫ్రైడే," అన్నాడు. "క్వారీ లారీలు ఒక్కటి కూడా తిరగని రోజు. పైనుంచి కిందిదాకా రోడ్డంతా మనదే. చిన్నప్పట్నించీ ఆ రోడ్డు పూర్తిగా ఒక్కసారైనా దిగాలని నాకు."

"అన్నయ్యా, వద్దు."

"నువ్వు బోర్డు సిద్ధం చెయ్యకపోతే ఓబెట్ చేత చేయించుకుంటా. వాడికి స్పానరు ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు. తరవాత నీ ఇష్టం."

"అన్నయ్యా!"

"నాకు తిరిగేలా చెయ్యవే, వెల్. ఒక్కసారికి చాలు."

నాకు కోపం కూడా వచ్చింది. ఏమని చెయ్యను? గట్టి బుష్షు వేస్తే వాడి కాలికి తిరగదు, మలుపులో లోయలోకి పోతాడు. నీలం వేస్తే క్వారీ కింద తిన్నటి దారిలో వేగానికి వణికి పడతాడు. రెండింటిలో ఏది వేసినా మా అన్నయ్యను నా చేత్తో నేనే పడేసినట్టు. బుధవారం పొద్దున నాన్నకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. నాన్న అటక మీంచి ఒక పాత జీప్నీ బుష్షు దింపి నా చేతిలో పెట్టాడు. దాని రబ్బరులో ఒక పక్కన నెలవంకలాంటి సందు కోసి ఉంది.

"ఒక వైపు మెత్తగా, ఒక వైపు గట్టిగా కావాల్సినచోట ఇలా కోస్తాం," అన్నాడు. "వెనక ట్రక్కుకి పసుపు వెయ్యి, వణకదు. ముందుదానికి పసుపులోనే మడమవైపు సందు పెట్టు. వాడి కాలు చెయ్యని పని రబ్బరు చేస్తుంది."

"వెళ్ళనిస్తావా నాన్నా?"

"నేను వద్దంటే వెళ్ళడా?"

గురువారం మధ్యాహ్నం దాటితే మా ఇంట్లో మిషను తిప్పకూడదు, మేకు కొట్టకూడదు. శనివారం దాకా అమ్మ ఒప్పుకోదు. ఆలోగా కోయాలి. మూడు బుష్షులు పాడుచేశాను. ఒకటి సందు ఎక్కువై చీలిపోయింది. నాన్న పక్కన నిలబడి, చెయ్యి వెయ్యకుండా, "ఇంకొంచెం," "చాలు," అంటూ ఉన్నాడు. నాలుగోది కుదిరింది. వాషరు దాని నెత్తిన చక్కగా కూర్చుంది, కింద అంచు గుంటలో వదులు లేకుండా సర్దుకుంది. నా జీవితంలో అంత బాగా కోసిన బుష్షు మరొకటి లేదు. అలాంటిది ఎందుకు కోయాల్సొచ్చిందా అని దాన్ని పట్టుకుని మళ్ళీ ఏడ్చాను.

గుడ్ ఫ్రైడే పొద్దున అమ్మ కొబ్బరిపాలలో అరటిపండ్లూ చిలగడదుంపా సగ్గుబియ్యమూ వేసి పాయసం పొయ్యి మీద పెట్టి, అందరినీ హెచ్చరించింది.

"ఇవాళ కత్తులు ముట్టుకోకండి. పరుగులు పెట్టకండి. ఇవాళ తగిలిన దెబ్బ మానదు. దేవుడే పోయిన రోజు, మాన్పేవాడెవడు?"

"బజారు దాకా వెళ్ళొస్తానమ్మా," అన్నాడు అన్నయ్య.

"ఇవాళ ఏ బజారు తెరిచుందిరా, వెధవా?"

"తెరిచిందేమో చూసొస్తా."

అమ్మ అట్లకాడ ఎత్తింది. అన్నయ్య దండం పెట్టాడు. కాసేపటికి అమ్మ పాట వంతు వచ్చి పందిట్లోకి వెళ్ళింది. అంతే, మేము కదిలాం. నాన్న అందరికన్నా ముందే, ఎవరికీ చెప్పకుండా, ఎర్రగుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని కొండ కిందికి వెళ్ళిపోయాడు. ఏ బండైనా ఎదురొస్తే ఆపడానికి.

ఓబెట్ మోటార్ సైకిలుతో మొదటి మలుపులో ఉన్నాడు. నేను పెద్ద ఎడమ మలుపులో, అన్నయ్య ఫిబ్రవరిలో గడ్డిలోకి పోయిన చోట నిలబడ్డాను. లారీల దుమ్ము లేకపోతే ఆ రోడ్డు ఎంత నల్లగా ఉంటుందో అప్పుడే చూశాను. పందిట్లో పాట అంత దూరానికీ వినబడుతోంది. అందులో అమ్మ గొంతు ఏదో పోల్చుకోవాలని చూశాను గాని కుదరలేదు.

ముందు చక్రాల చప్పుడు వచ్చింది. తరవాత అన్నయ్య వచ్చాడు. మోకాళ్ళు వంచి, చేతులు వెనక కట్టుకుని, ఎప్పుడూ దిగేలాగే దిగుతున్నాడు. మలుపు దగ్గరికొచ్చాడు. వాడు నా వైపు చూడలేదు. ఒంటిని మెల్లగా ఎడమకు వాల్చాడు. ఎడమ కాలివేళ్ళు లేవలేదు, నేను చూశాను. బుష్షు నలిగింది. బోర్డు తిరిగింది. రోడ్డు ఎటు వంగితే అటు, ఎంత వంగితే అంత, గీత గీసినట్టు తిరిగి, నా ముందునుంచి తిన్నటి దారిలోకి వెళ్ళిపోయింది. వణకలేదు. నేను రెండు చేతులూ ఎత్తి పిచ్చిదానిలా అరిచాను.

ఓబెట్ బండెక్కి మేము కిందికి చేరేసరికి అన్నయ్య నాన్న ముందు ఆగి ఉన్నాడు. చేతి తొడుగు రోడ్డుకు ఆనించి, గుండ్రంగా జారి, అందంగా ఆగాడట. ఆగిన బోర్డు మీంచి దిగబోయి పడ్డాడు. ఎడమ పాదం నేల మీద నిలబడలేదు. మేము చూసేసరికి నాన్న వాణ్ణి చంకల కింద చేతులేసి లేపుతున్నాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"తిరిగింది నాన్నా," అంటున్నాడు అన్నయ్య. "మొత్తం తిరిగింది."

"చూశాను లేరా," అన్నాడు నాన్న. తన చేతిలోని ఎర్రగుడ్డతోనే వాడి మోకాలు కట్టాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. మోకాలు చూసింది, బోర్డు చూసింది, మా ముగ్గురి మొహాలూ చూసింది. తిట్టలేదు. "ఇవాళే తగలాలట్రా," అని మాత్రం అంది. కుళాయి తిప్పబోయి, చెయ్యి ఆపుకుని, లోపలికెళ్ళి జామాకులు వేసి నీళ్ళు కాచి తెచ్చింది. అవి గోరువెచ్చగా అయ్యేదాకా ఊదుతూ కూర్చుని, గుడ్డ ముంచి కడిగింది. ఆ దెబ్బ ఈస్టర్ వెళ్ళిన వారానికే మానిపోయింది.

మనీలా ఆసుపత్రికి చాలాసార్లు తిరిగాం. సూదులు గుచ్చారు, కాళ్ళకు తీగలు తగిలించి చూశారు. మే నెలాఖరున ఒక రోజు డాక్టరమ్మ మా నలుగురినీ కూర్చోబెట్టింది. చిన్న వయసుది, నా ఈడుకన్నా పెద్దగా ఎక్కువుండదు. నరాల జబ్బని చెప్పి ఇంగ్లీషులో ఒక పేరు చెప్పింది. కాలితో మొదలైంది, పైకి పాకుతుంది, చేతులకు వస్తుంది, మాటకు వస్తుంది, చివరికి ఊపిరికి వస్తుంది అని మెల్లగా చెప్పింది. మందు లేదని కూడా చెప్పింది. అన్నయ్య తల ఊపుతూ విన్నాడు, దారి చెబుతుంటే విన్నట్టు.

అమ్మ ఒళ్ళో సంచి ఉంది. సంచిలో నూనె సీసా ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని అడిగింది.

"అమ్మా, డాక్టరమ్మా, వీడు ఎండలో తిరిగొచ్చేవాడు. కాళ్ళు కాలుతుండేవి. నేను కడుక్కుని రమ్మనేదాన్ని. చన్నీళ్ళే. ప్రతిసారీ నేనే. అందువల్లేనా?"

డాక్టరమ్మ తన కుర్చీ ముందుకు జరుపుకుని అమ్మ చేతుల మీద చెయ్యి వేసింది.

"కాదమ్మా. మా అమ్మమ్మ కూడా పాస్మా అని నన్ను తడవనిచ్చేది కాదు. ఇది అది కాదు. నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు. మీ తప్పు ఏమీ లేదు. ఎవరి తప్పూ లేదు."

మంచి మాటే చెప్పింది. ఆ మాటకు అమ్మ మొహంలో కాస్తయినా తెరిపి వస్తుందని నేను ఎదురుచూశాను. అమ్మ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. అన్ని వారాలూ అన్నయ్య కాలు చూస్తూ కూడా అమ్మ మొహం అలా లేదు.

తిరుగు ప్రయాణంలో జీప్నీ మరికినా ఊరు దాటేసరికి ఆ ఏడాది మొదటి వాన పట్టుకుంది. అందరూ ప్లాస్టిక్ తెరలు దించుకున్నారు. అన్నయ్య, అమ్మ పక్కపక్కన, నాన్నా నేనూ ఎదురుగా కూర్చున్నాం.

"నా వల్లే అయ్యుంటే బావుండేది," అంది అమ్మ.

"అదేం మాటమ్మా?" అన్నాను.

"నా వల్ల వచ్చిందయితే నేనే తీసేదాన్ని కదే. రాత్రింబవళ్ళు రాసైనా తీసేదాన్ని. ఎవరి వల్లా రాలేదంట. మరి నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి?"

నాన్న తెర చివర పట్టుకుని వాన కేసి చూస్తున్నాడు. అన్నయ్యే అమ్మ ఒళ్ళో సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి వాసన చూశాడు.

"ఆ పిల్లకేం తెలుసమ్మా," అన్నాడు. "నిన్న మొన్న చదువుకొచ్చింది. నువ్వే. ఆ చన్నీళ్ళే. నీ వల్లే వచ్చింది నాకిది."

అమ్మ వాడి మొహంలోకి చూసింది. అబద్ధమని అమ్మకు తెలుసు. అమ్మకు తెలుసని వాడికి తెలుసు.

"నిజంగానట్రా?"

"మరి? గచ్చు గచ్చు అని చంపావుగా. ఇప్పుడు నువ్వే తియ్యాలి. ఇందులో అల్లం చాల్లేదు, ఇంటికెళ్ళి ఇంకాస్త దంచు."

అమ్మ వాడి భుజం మీద ఒక దెబ్బ వేసి, ఆ భుజానికే మొహం ఆనించుకుంది. ఇల్లు చేరగానే తడిబట్టలతోనే అల్లం దంచి, నూనె కాచి, గచ్చు మీద కూర్చుని వాడి కాలు ఒళ్ళోకి తీసుకుంది.

అన్నయ్య ఆ తరవాత రెండు వానాకాలాలు ఉన్నాడు. అమ్మ ఒక్క సాయంత్రం మానలేదు. కాళ్ళయ్యాక చేతులకు రాసింది, చేతులయ్యాక మెడకు రాసింది. రాస్తూ, "నా వల్లేరా నాయనా," అనేది. "నీ వల్లేనమ్మా," అనేవాడు అన్నయ్య. మాట పడిపోయాక కూడా అమ్మ ఆగి వాడి మొహంలోకి చూసేది, వాడు కళ్ళు మూసి తెరిచి ఒప్పుకునేవాడు.